పదా, రెండా, పదహారా, పన్నెండా: ఏ పనికి ఏ సంఖ్యామానం?

కొన్నేళ్ల కిందట నేను రాసుకున్న ఒక చిన్న ప్రోగ్రాము జనవరి నుంచి జులై దాకా చక్కగా నడిచింది. ఆగస్టు ఒకటో తేదీన ఆగిపోయింది. నెలలను రెండంకెల్లో, ముందు సున్న పెట్టి రాశాను: 01, 02, 03 ఇలా. నేను వాడిన భాషలో సున్నతో మొదలయ్యే సంఖ్యను ఎనిమిది ఆధారంగా చదవాలని నియమం ఉంది. 07 దాకా ఏ పద్ధతిలో చదివినా విలువ ఒకటే కనుక తప్పు బయటపడలేదు. ఎనిమిది ఆధారంగా సాగే లెక్కలో అంకెలు 0 నుంచి 7 వరకే ఉంటాయి. అందుకే 08 ఎదురవగానే యంత్రం అది సంఖ్యే కాదని తిరస్కరించింది. దాన్ని అలాగే వదిలేస్తే సెప్టెంబరులోనూ ఆగేది. అక్టోబరులో 10కి ముందు సున్న ఉండదు కనుక మళ్లీ దానంతట అదే నడిచేది. అలా జరిగి ఉంటే కారణం నాకు ఎప్పటికీ దొరికేది కాదేమో.

అప్పటి నుంచి ఏ సంఖ్యను చూసినా రెండు ప్రశ్నలు వేసుకోవడం అలవాటైంది. ఇది ఏ ఆధారంలో రాశారు? ఈ పనికి ఆ ఆధారం తగినదేనా? మొదటి ప్రశ్నకు జవాబు పాఠ్యపుస్తకాల్లో దొరుకుతుంది. రెండో ప్రశ్న గురించి అక్కడ పెద్దగా ఉండదు. ఈ వ్యాసం దాని కోసమే.

ముందుగా ఒక చిన్న పునశ్చరణ. నలభై ఐదు అనే రాశిని తీసుకుందాం. పది ఆధారంలో అది 45, అంటే నాలుగు పదులు, ఐదు ఒకట్లు. రెండు ఆధారంలో 101101, అంటే 32, 8, 4, 1 కలిపితే వచ్చేది. ఎనిమిది ఆధారంలో 55. పన్నెండు ఆధారంలో 39, అంటే మూడు పన్నెండ్లు, తొమ్మిది ఒకట్లు. రాశి మారలేదు, రాత మారింది. పదితో ఎన్నిసార్లు భాగించి శేషాలను వెనక నుంచి పేర్చుకుంటే మన అంకెలు వస్తాయో, మరో సంఖ్యతో అలాగే భాగిస్తే ఆ ఆధారంలోని అంకెలు వస్తాయి. ఇదంతా స్థాన విలువ, సున్న అనే రెండు ఆలోచనల మీద నిలిచి ఉంది. సున్నతో కూడికలు, తీసివేతలు, గుణకారాలు ఎలా చేయాలో బ్రహ్మగుప్తుడు 628లో నియమాలు రాశాడు. ఆ నియమాలకు ఆధారం పదే కానక్కర్లేదు. ఏ ఆధారంలోనైనా అవి అలాగే చెల్లుతాయి.

రాశి మారనప్పుడు ఎంపిక ఎందుకు? పూర్ణసంఖ్యల వరకు నిజంగానే పెద్ద తేడా లేదు, పొడవు మాత్రమే మారుతుంది. పది లక్షలను రాయడానికి పది ఆధారంలో 7 అంకెలు, రెండులో 20, పదహారులో 5, అరవైలో 4 స్థానాలు కావాలి. అసలు తేడా భిన్నాల దగ్గర మొదలవుతుంది.

భిన్నాలే పరీక్ష

ఒక భిన్నాన్ని కనిష్ఠ రూపంలో రాసి దాని హారాన్ని ప్రధాన కారణాంకాలుగా విడదీయండి. ఆ ప్రధాన సంఖ్యలన్నీ ఆధారంలోనూ ఉంటే బిందువు తర్వాత ఆ భిన్నం కొన్ని అంకెలతో ముగుస్తుంది. ఒక్కటి లేకపోయినా అంతం లేకుండా సాగుతుంది. పదిలో ఉన్నవి 2, 5. అందుకే 1/8 మనకు 0.125గా ముగుస్తుంది, 1/3 మాత్రం 0.333... అంటూ పోతుంది. మూడు చేసిన తప్పేమీ లేదు, పదిలో మూడు లేదంతే.

ఈ ఒక్క సూత్రంతో పద్ధతులన్నిటినీ పోల్చవచ్చు. 1/2 నుంచి 1/12 దాకా ఉన్న పదకొండు భిన్నాల్లో ఎన్ని కచ్చితంగా ముగుస్తాయో లెక్కపెట్టి చూశాను. పది ఆధారంలో ఐదు: 1/2, 1/4, 1/5, 1/8, 1/10. పన్నెండు ఆధారంలో ఏడు. అరవై ఆధారంలో తొమ్మిది, అక్కడ మిగిలిపోయేవి 1/7, 1/11 మాత్రమే. రెండు ఆధారంలో మూడే: 1/2, 1/4, 1/8. ఎనిమిదికి, పదహారుకు మారినా ఈ మూడే. ఎందుకంటే వాటిలోనూ రెండు తప్ప మరో ప్రధాన కారణాంకం లేదు. బైనరీని, అంటే రెండు ఆధారాన్ని, హెక్సాడెసిమల్‌గా, అంటే పదహారు ఆధారంలో రాసుకుంటే చదవడం తేలికవుతుంది కానీ భిన్నాల విషయంలో పరిస్థితి మెరుగుపడదు. ప్రోగ్రాములు నేర్చుకునేవారిలో చాలామంది ఇక్కడే పొరబడతారు.

మరి ఇంత తక్కువ భిన్నాలు ముగిసే బైనరీని యంత్రాలు ఎందుకు ఎంచుకున్నాయి? తొలి తరం యంత్రాలన్నీ దాన్నే ఎంచుకోలేదు. 1946లో లోకానికి ప్రదర్శించిన ఎనియాక్ పది ఆధారంగానే లెక్కించేది. ఒక్కో అంకెకు పది స్థానాలున్న ఒక వలయం, అందులో ఒకసారికి ఒక్క స్థానమే వెలిగి ఉండేది. రెండే స్థితులున్న పరికరాలు పది పెట్టి పది విలువలను మాత్రమే చెప్పించడం అది. అవే పది పరికరాలను బైనరీగా వాడితే 0 నుంచి 1023 దాకా 1024 విలువలు చెప్పగలవు. పైగా బైనరీలో ఎక్కాలు నేర్చుకునే పనే లేదు, ఒకటిని ఒకటితో గుణిస్తే ఒకటి, మిగిలినవన్నీ సున్న. స్విచ్‌లతో తర్కాన్ని, కూడికను నడిపించవచ్చని అమెరికా ఇంజనీరు క్లాడ్ షానన్ 1937లో తన సిద్ధాంత వ్యాసంలో చూపించాడు. అంతకు రెండు శతాబ్దాల ముందే, 1703లో, జర్మన్ గణితవేత్త లైబ్నిజ్ బైనరీ అంకగణితం మీద వ్యాసం ప్రచురించాడు. అయితే దాన్ని నడిపించే పరికరం ఆయన కాలంలో లేదు.

యంత్రానికి బైనరీ సరైన ఎంపికే, అందులో నాకు సందేహం లేదు. చిక్కల్లా మనుషులు పదో వంతుల్లో కొలిచిన విలువలను ఆ యంత్రానికి ఇచ్చినప్పుడు వస్తుంది. 1/10 హారంలో ఐదు ఉంది, రెండులో ఐదు లేదు. అందుకని బైనరీలో 0.1 అనేది 0.000110011001100... అంటూ ఎప్పటికీ ముగియదు. యంత్రం దాన్ని ఎక్కడో ఒకచోట కత్తిరించక తప్పదు. 1985 నాటి ప్రమాణం ప్రకారం సాధారణంగా వాడే 64 బిట్ల (అంటే 64 బైనరీ అంకెల) భిన్న సంఖ్యల్లో 53 బిట్ల దగ్గర ఆ కత్తిరింపు జరుగుతుంది. దాదాపు ఏ భాషలోనైనా 0.1కి 0.2 కలిపి పూర్తి అంకెలు చూపించమంటే 0.30000000000000004 అని వస్తుంది. అది యంత్రం చేసిన తప్పు కాదు, మనం ఎంచుకున్న ఆధారంలో ఆ విలువకు చోటు లేకపోవడం.

ఇంత చిన్న తేడా ఎవరిని బాధిస్తుందని అనిపించవచ్చు. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో అమెరికా సైన్యపు పేట్రియాట్ వ్యవస్థ ఇరాక్ ప్రయోగించిన స్కడ్ క్షిపణిని అడ్డుకోలేకపోయింది. 28 మంది సైనికులు చనిపోయారు. ఆ వ్యవస్థలోని గడియారం సెకనులో పదో వంతులను లెక్కపెట్టేది. ఆ లెక్కను సెకన్లలోకి మార్చడానికి 1/10తో గుణించేవారు, ఆ 1/10ని 24 బిట్లకు కత్తిరించి ఉంచారు. ఒక్కో పదో వంతుకు వచ్చిన తేడా సెకనులో కోటో వంతు కూడా లేదు. కానీ వ్యవస్థ దాదాపు వంద గంటలు ఆపకుండా నడిచి ఉంది, అప్పటికి ఆ తేడా 0.34 సెకన్లకు పెరిగింది. స్కడ్ వేగంతో చూస్తే అది అర కిలోమీటరుకు పైగా దూరం. పదో వంతులకు బదులు పదహారో వంతులను లెక్కించి ఉంటే ఈ మార్పిడిలో కత్తిరింపే ఉండేది కాదు, ఎందుకంటే 1/16 బైనరీలో 0.0001 అని కచ్చితంగా ముగుస్తుంది. ఆధారం ఎంపిక అనేది కాగితం మీది ముచ్చట కాదని చెప్పడానికి నాకు ఇంతకన్నా బరువైన ఉదాహరణ తెలియదు.

కాబట్టి నా సలహా ఇది. డబ్బు లెక్కలు, పన్నులు, మార్కులు వంటివి మనుషులు దశాంశాల్లో నిర్ణయించి, దశాంశాల్లోనే సరిచూసుకునే విలువలు. వాటిని బైనరీ భిన్నాలుగా ఎప్పుడూ దాచకండి. డబ్బయితే అతి చిన్న నాణెం లెక్కన పూర్ణసంఖ్యగా పెట్టుకోండి, పూర్ణసంఖ్యలు ఏ ఆధారంలోనైనా కచ్చితమే. లేదా దశాంశ అంకగణితం కోసమే చేసిన రకాలను వాడండి. పైథాన్‌లో, జావాలో, కోబాల్‌లో అవి ఉన్నాయి. అవి నెమ్మదిగా నడుస్తాయి. అంకెకు నాలుగేసి బిట్లు కేటాయించే పాత పద్ధతిలోనైతే పదహారు కలయికల్లో ఆరు వృథా కూడా అవుతాయి. ఆ ఖర్చును సంతోషంగా భరించవచ్చు. ఇక ఉష్ణోగ్రతలు, దూరాలు, చిత్రాలు, శబ్దాలు ఇలా కొలతలోనే కొంత అనిశ్చితి ఉన్నచోట బైనరీ భిన్నాలు పూర్తిగా చాలు. అక్కడ దశాంశ రకాల కోసం పట్టుబట్టడం వేగాన్ని వృథా చేసుకోవడమే.

ఆక్టల్, హెక్సాడెసిమల్: బిట్లకు గణ విభజన

యంత్రం బైనరీలో ఆలోచించినా ఇరవై, ముప్పై బిట్ల వరుసను మనిషి కన్ను పట్టుకోలేదు. గుంపులుగా విడదీయాలి. పద్యపాదాన్ని గణాలుగా విడదీయడం తెలిసినవారికి ఇది కొత్త కాదు. లఘువును 0, గురువును 1 అనుకోండి. మూడక్షరాల గణాలు ఎనిమిది, మూడు బిట్లతో వచ్చే కలయికలూ ఎనిమిదే. న గణం 000, స గణం 001, జ గణం 010, య గణం 011, భ గణం 100, ర గణం 101, త గణం 110, మ గణం 111. వరుసగా 0 నుంచి 7. ఆక్టల్, అంటే ఎనిమిది ఆధారం, ఇంతే. యూనిక్స్ వ్యవస్థల్లో ఫైలు అనుమతులను 755 అని రాస్తారు, అంటే మ గణం, ర గణం, ర గణం. యజమానికి చదవడం, రాయడం, నడిపించడం మూడూ ఉన్నాయి. బృందానికి, ఇతరులకు నడిమిది, అంటే రాసే హక్కు, లేదు. మూడు హక్కులు, మూడు బిట్లు, ఒక అంకె. ఆక్టల్ ఇంత అందంగా అతికిన చోటు నాకు మరొకటి కనబడలేదు.

ఒకప్పుడు ఇంకా చాలా చోట్ల అతికేది. పీడీపీ-8 యంత్రంలో పదం (యంత్రం ఒకేసారి పట్టుకునే బిట్ల వరుస) పొడవు 12 బిట్లు, కొన్ని పెద్ద యంత్రాల్లో 36. రెండూ మూడుతో నిశ్శేషంగా భాగించబడతాయి. 1964లో ఐబీఎం సిస్టమ్/360 ఎనిమిది బిట్ల బైటుతో వచ్చాక అది మారిపోయింది. ఎనిమిదిని మూడుతో భాగిస్తే రెండు మిగులుతుంది, నాలుగుతో భాగిస్తే ఏమీ మిగలదు. ఒక బైటుకు సరిగ్గా రెండు హెక్సాడెసిమల్ అంకెలు. 0 నుంచి 9 దాకా మామూలు అంకెలు, ఆ పైన ఎ నుంచి ఎఫ్ దాకా ఆరు అక్షరాలు. నలభై ఐదు 0010 1101 అవుతుంది, అంటే 2డి.

హద్దులు కళ్లకు కనబడటం హెక్సాడెసిమల్ ఇచ్చే గొప్ప సౌకర్యం. లిపుల అక్షరాలకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు కేటాయించిన చోటు 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా. అందులో 'అ' 0సి05. దీన్నే పది ఆధారంలో చెబితే 3072 నుంచి 3199, 'అ' 3077. రెండూ నిజమే. కానీ మొదటి రూపంలో 0సి చూడగానే ఇది తెలుగు అక్షరం కావచ్చని తెలుస్తుంది, చివరి రెండంకెలు ఆ పట్టికలో దాని స్థానాన్ని చెబుతాయి. రెండో రూపం ఏమీ చెప్పదు. తెర మీద రంగులకు, మెమరీ చిరునామాలకు, 48 బిట్ల నెట్‌వర్క్ కార్డు చిరునామాలకు హెక్సాడెసిమల్ వాడటానికి కారణం ఇదే.

కాబట్టి ఈ రెండింటిలో ఎంపిక సులువు. ఫైలు అనుమతులకు ఆక్టల్, బిట్లు చూడాల్సిన మిగతా అన్ని చోట్లా హెక్సాడెసిమల్. ఆక్టల్ రాయవలసి వస్తే ముందు వట్టి సున్న పెట్టే పాత పద్ధతిని, భాష వీలు కల్పిస్తే, మానేయండి. పైథాన్ మూడో సంస్కరణ ఆ రాతను తప్పుగా ప్రకటించింది. నా ఆగస్టు నెలను గుర్తుచేసుకుంటే అది చాలా మంచి నిర్ణయమనిపిస్తుంది.

ఒక హెచ్చరిక. నోటితో చెప్పాల్సిన సంకేతాలకు హెక్సాడెసిమల్ వద్దు. బి, సి, డి, ఇ నాలుగూ ఒకే ధ్వనితో ముగుస్తాయి, ఫోనులో చెబితే ఒకటి మరొకటిగా వినబడుతుంది. నోటితో చెప్పడానికి పది ఆధారమే మేలు, నాలుగంకెలు ఎక్కువైనా ఫరవాలేదు. చూసి టైపు చేసేవాటికి ముప్పై రెండు ఆధారం బాగుంటుంది, ఒకేలా కనిపించే అక్షరాలను వదిలేయగలిగినంత వెసులుబాటు అందులో ఉంది. పాత తరహా బిట్‌కాయిన్ చిరునామాలకు యాభై ఎనిమిది ఆధారం వాడటంలోనూ ఇదే ఆలోచన కనిపిస్తుంది: సున్న, పెద్ద ఓ, పెద్ద ఐ, చిన్న ఎల్ అనే నాలుగు గుర్తులను తొలగించారు. మనిషి చదవనే చదవడు, యంత్రాల మధ్య అక్షరాల రూపంలో వెళ్తే చాలు అనుకుంటే అరవై నాలుగు ఆధారం. మూడు బైట్లు నాలుగు అక్షరాలవుతాయి, అంటే పొడవు మూడో వంతు మాత్రమే పెరుగుతుంది. హెక్సాడెసిమల్‌లో అయితే రెట్టింపవుతుంది.

పన్నెండు, అరవై

పన్నెండు ఆధారాన్ని ప్రపంచమంతా వాడాలని వాదించేవారు ఉన్నారు. అమెరికాలో అందుకోసం 1944లో ఒక సంఘమే ఏర్పడింది. వాళ్ల వాదనలో పస ఉంది. పన్నెండును 2, 3, 4, 6 భాగిస్తాయి. 1/3 అక్కడ 0.4, 1/4 0.3, 1/6 0.2. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కణుపులను తాకుతూ లెక్కిస్తే ఒక చేత్తో పన్నెండు వస్తుంది. కానీ ఐదు బయట పడిపోతుంది: 1/5 అక్కడ 0.249724972497... అని సాగుతుంది. నిత్యజీవితంలో ఐదో వంతుకన్నా మూడో వంతుతోనే మనకు పని ఎక్కువ కనుక లెక్క ప్రకారం పన్నెండే మేలు, ఆ మాట ఒప్పుకుంటాను. అయినా మారమని సలహా ఇవ్వను. భాషలన్నిటిలోని సంఖ్యల పేర్లు, కొలతలు, ముద్రించిన ప్రతి పట్టిక మారాలి. ఆ లాభం అంత పెద్దది కాదు. పన్నెండును ఒక పద్ధతిగా కాకుండా ఒక పరిమాణంగా వాడుకోండి. పెట్టెలో ఎన్ని వస్తువులు పెట్టాలి, పేజీని ఎన్ని నిలువు భాగాలు చేయాలి వంటి నిర్ణయాలకు పన్నెండు చాలా మంచి సంఖ్య.

అరవై కథ వేరు. దానికి పన్నెండు భాజకాలున్నాయి, 1 నుంచి 6 దాకా ప్రతి సంఖ్యా భాగిస్తుంది. బాబిలోనియన్లు దీనితో అద్భుతాలు చేశారు. యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న ఒక మట్టిపలక మీద రెండుకు వర్గమూలం 1. 24, 51, 10 అని ఉంది. ఒకటి, దానికి 24/60, 51/3600, 10/216000 కలపాలి. మన లెక్కలో 1.41421296 అవుతుంది, అసలు విలువ 1.41421356. మట్టి మీద పుల్లతో ఒత్తి రాసిన మూడే మూడు స్థానాల్లో ఇంత దగ్గరగా రావడం చూసినప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. అయితే అరవై వేర్వేరు గుర్తులను వాళ్లూ మోయలేకపోయారు. ఒక్కో స్థానంలోని విలువను పదుల గుర్తుతో, ఒకట్ల గుర్తుతో కలిపి రాశారు. చాలాకాలం సున్న లేనందువల్ల ఒకటికీ అరవైకీ గుర్తు ఒకటే, సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. అరవైదాకా ఎక్కాలు గుర్తుంచుకోవడం ఎవరికీ సాధ్యం కాదు కనుక పట్టికలు చూసి గుణించేవారు.

ఇప్పటికీ కాలానికి, కోణాలకు అరవైనే వాడుతున్నాం. ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం 1793లో రోజుకు పది గంటలు, గంటకు వంద నిమిషాలు అని చట్టం చేసింది. రెండేళ్లు తిరగకుండానే, 1795లో, దాన్ని పక్కన పెట్టింది. గంటను మూడుగా, నాలుగుగా, ఆరుగా విడదీయడానికి అలవాటుపడినవారికి వంద సాయపడలేదు. మీరు చేసే పనిలో కాలం ఉంటే తెర మీద అరవైల్లో చూపించండి, లోపల మాత్రం ఒకే ప్రమాణంలో, సెకన్లలోనో మిల్లీసెకన్లలోనో, పూర్ణసంఖ్యగా దాచుకోండి. 1.30 అని రాసి ఒకరు గంటన్నర అనుకుని, మరొకరు గంటా పద్దెనిమిది నిమిషాలు అనుకునే పొరపాటు ఆ ఒక్క జాగ్రత్తతో పోతుంది.

మూడు ఆధారం గురించి కొద్దిగా. మాస్కో విశ్వవిద్యాలయంలో నికొలాయ్ బ్రుసెన్‌త్సోవ్ బృందం 1958లో సెతున్ అనే యంత్రాన్ని మైనస్ ఒకటి, సున్న, ఒకటి అనే మూడు అంకెలతో నడిపింది. త్రాసులో రెండు తట్టలూ వాడుకుంటే 1, 3, 9, 27 అనే నాలుగు తూనికరాళ్లతో 1 నుంచి 40 దాకా ప్రతి బరువూ తూచవచ్చు. ఒక తట్టలోనే రాళ్లు పెట్టాలంటే 1, 2, 4, 8, 16, 32 అనే ఆరు కావాలి. చాలా అందమైన పద్ధతి. కానీ మూడు స్థితుల పరికరాలు చవకగా, నమ్మకంగా దొరకని ఈ రోజుల్లో దాన్ని ఆనందం కోసం నేర్చుకోండి, పని కోసం వద్దు.

నేర్చుకునేవారు దేనితో మొదలుపెట్టాలి?

అందరూ బైనరీతో మొదలుపెడతారు. నేను ఐదు ఆధారంతో మొదలుపెట్టమంటాను. బైనరీలో ప్రతి అడుగుకూ వద్దె వేయాల్సి (పక్క స్థానానికి ఒకటి తీసుకెళ్లాల్సి) వస్తుంది, సంఖ్యలు పొడుగవుతాయి, నేర్చుకునేవారు అంకెల వరుసలో తప్పిపోతారు. ఐదులో నలభై ఐదు 140 అవుతుంది: ఒక ఇరవై ఐదు, నాలుగు ఐదులు, సున్న ఒకట్లు. ఎక్కాలు చిన్నవి, కూడిక మన కూడికలాగే ఉంటుంది, కానీ నాలుగు దాటగానే వద్దె పక్క స్థానానికి వెళ్తుంది. స్థాన విలువ అంటే ఏమిటో అప్పుడు చేతికి తెలుస్తుంది. వారం రోజులు ఇలా చేశాక బైనరీ ఎవరికైనా రెండు గంటల పని.

ఆ తర్వాత భిన్నాలకు నాలుగు ఆధారం తీసుకోండి. దీనికి మన లిపిలోనే గుర్తులున్నాయి. తెలుగులో పాత భిన్నాల లెక్క నాలుగో వంతులతో నడిచేది, ఆ అంకెలకు యూనికోడ్‌లో స్థానం ఉంది. మొదటి స్థానంలో, అంటే నాలుగో వంతులకు, నిలువు గీతలు: ౹, ౺, ౻. రెండో స్థానంలో, అంటే పదహారో వంతులకు, అడ్డగీతలు: ౼, ౽, ౾. మూడో స్థానానికి మళ్లీ నిలువు గీతలు. గీత దిక్కు చూస్తేనే అది బేసి స్థానమో సరి స్థానమో తెలుస్తుంది. 3/8 అంటే ఒక నాలుగో వంతు, రెండు పదహారో వంతులు, కనుక ౹౽. 1/16 రాయాలంటే మొదటి స్థానం ఖాళీ, దానికి ౸. అప్పుడది ౸౼. ఈ బేసి స్థానపు సున్నకు పేరు హళ్లి, సరి స్థానంలో మామూలు సున్నే. 'సున్నకు సున్న, హళ్లికి హళ్లి' అనే మాటలో ఆ రెండూ ఇప్పటికీ పక్కపక్కనే వినిపిస్తాయి. 5/16, 11/16, 7/64లను ఈ గుర్తులతో రాసి చూడండి. మూడోది రాసేటప్పుడు హళ్లి అవసరమవుతుంది.